బుంబాయ్ వచ్చాడు: దావావ్‌లో ఒక వారం

ఫిలిప్పీన్స్‌లో దక్షిణాన మిందనావ్ దీవి, అందులో దావావ్ నగరం, ఆ నగరానికి దక్షిణపు కొసన తోరిల్. ఒక పక్క దేశంలోకెల్లా ఎత్తయిన అపో పర్వతం, 2,954 మీటర్లు. ఇంకో పక్క సముద్రం. కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం నన్ను మిషనరీగా పంపింది అక్కడికే. ఇంత పొడవు పేరు మనవాళ్ళలో చాలామందికి తెలియదు, మోర్మన్లు అంటే కొందరికి తెలుస్తుంది. ఆ మాట వాడొద్దని 2018 నుంచి సంఘం పెద్దలు గట్టిగానే చెబుతున్నారు, కానీ వీధిలో మమ్మల్ని పిలిచేది దానితోనే. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. జీతం ఉండదు. ఏ దేశమో మనం కోరుకోవడానికీ లేదు. కబురులో ఏ ఊరుంటే ఆ ఊరు. నా కబురు చదవగానే నాన్న ముందు ఫోన్లో మ్యాప్ తెరిచాడు, అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రోజూ రాత్రి డైరీ రాసేవాణ్ణి. ఇది అందులోంచి తీసిన ఒక వారం. విశేషమైన వారమేమీ కాదు, కాకపోతే వానలు ఎక్కువ.

సోమవారం

సోమవారం మాకు పీ-డే, అంటే సొంత పనుల రోజు. సాయంత్రం ఆరు దాకా బట్టలు, సరుకులు, క్షవరం, ఇంటికి ఫోను. ఆరు దాటితే మళ్ళీ పని. ఆ రోజు మొదటి పని చొక్కాలు ఉతకడం. తోరిల్ దుమ్మూ, జీప్నీలనే ఇక్కడి జీపు బస్సుల పొగా కలిసి తెల్లచొక్కా కాలరుకి పట్టే జిడ్డు ఏ సబ్బుకీ ఒక పట్టాన లొంగదు. నా కంపానియన్ అమెరికాలోని ఐడహో నుంచి వచ్చాడు, బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. ట్రాక్టరు ఇంజను విప్పి మళ్ళీ బిగించగలడు కానీ, బ్రష్షుతో కాలరు రుద్దడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. రుద్దుతూ పాడతాడు. శ్రుతి కుదరదు.

కంపానియన్ సంగతి కొంచెం చెప్పాలి. మిషనరీలు ఎప్పుడూ జంటగానే ఉండాలి. ఒకరికొకరు కనిపించాలి, ఒకరి మాట ఒకరికి వినిపించాలి. ఒకడికి క్షవరమైతే ఇద్దరూ సెలూన్‌కి వెళ్ళాలి, ఒకడికి జ్వరమొస్తే ఇద్దరూ ఇంట్లో ఉండాలి. ఎవరికి ఎవరు జంటో మా ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద, మిషన్ ప్రెసిడెంట్ తేలుస్తారు. ఆరు వారాలకోసారి మార్పులు జరుగుతాయి. ఈ జీవితంలో కష్టమంటే ఎండలో తిరగడమని బయటివాళ్ళు అనుకుంటారు. నన్నడిగితే, మనం ఎంచుకోని మనిషితో ఇరవైనాలుగు గంటలూ ఉండటమే కష్టం. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో కూడా పొద్దున్నే ఎవరో ఒకరు ఆఫీసుకి పోతారు!

మధ్యాహ్నం మాల్‌లో బియ్యం, గుడ్లు, చేపల డబ్బాలు కొంటుంటే వెనక నుంచి "బ్రో, తెలుగేనా?" అని వినపడింది. నా నేమ్‌ట్యాగ్ మీద ఉన్న ఇంటిపేరు చూసి పట్టేశాడు. మాలో అందరినీ ఎల్డర్ ఫలానా అని ఇంటిపేరుతోనే పిలుస్తారు. సొంత పేరు ఆ రెండేళ్ళూ ఫోన్లో అమ్మ నోటే వినాలి. దావావ్‌లో డాక్టరు చదువు చదివే భారతీయ విద్యార్థులు వేలల్లో ఉన్నారు, వాళ్ళలో మన రెండు రాష్ట్రాల పిల్లలు చాలామంది. ఇతనిది వరంగల్. టై, బ్యాగు చూసి నేను మెడికల్ రెప్‌ని అనుకున్నాడట.

"రెండేళ్ళు సినిమాలు కూడా చూడవా బ్రో?"

"చూడను."

"క్రికెట్?"

"స్కోరు అమ్మ చెప్తుంది."

అయ్యో పాపం అన్నట్టు చూసి, ఆదివారం తమ మెస్సులో బిర్యానీ ఉంటుందని, తప్పకుండా రమ్మని అన్నాడు. ఆ మెస్ మా ఏరియా దాటి ఊరి మధ్యలో ఉంది. అనుమతి అడగాలి అన్నాను. "మా హాస్టల్ వార్డెనే నయం" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వీడియో కాల్. ఇక్కడి కన్నా అక్కడ రెండున్నర గంటలు వెనక. 2019 ఫిబ్రవరికి ముందు మిషనరీలు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ, ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. ఇప్పుడు వారం వారం చేయొచ్చు. మా అమ్మమ్మ లూథరన్. 1842లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ మిషనరీ హేయర్ వేసిన పునాది మీద లేచిన సంఘం వాళ్ళది. నాన్న ఈ సంఘంలో చేరినప్పటి నుంచీ ఆవిడకి అదొక అసంతృప్తి. "ఆ ఊళ్ళో వాళ్ళంతా కిరస్తానీలేనంటగదరా, మళ్ళీ నువ్వెళ్ళి చెప్పేదేంటి?" అని ప్రతి సోమవారం అడుగుతుంది. ఫిలిప్పీన్స్‌లో ఎక్కువమంది కాథలిక్కులు, అమ్మమ్మ లెక్క తప్పేమీ కాదు. నాకు తెలిసిన జవాబు నేను చెబుతాను, ఆవిడ తృప్తి పడదు. అన్నం తిన్నావా అని అడిగి ఫోను అమ్మకిచ్చేస్తుంది.

మంగళవారం

ఆరున్నరకు లేవడం, కాసేపు వ్యాయామం, స్నానం, టిఫిను, తర్వాత చదువు. బైబిలు, మా సంఘపు మరో పవిత్ర పుస్తకం మోర్మన్ గ్రంథం, మధ్యలో ఇక్కడివాళ్ళు మాట్లాడే బిసాయా భాష. మనీలా పక్కన కెజోన్ సిటీలో ఉన్న మిషనరీ శిక్షణ కేంద్రంలో నేర్పిన బిసాయా వేరు, తోరిల్ సంతలో చేపలమ్మే ఆవిడ తిట్టే బిసాయా వేరు.

పదిన్నరకు రోడ్డెక్కాం. ఇక్కడ గేటు తట్టరు, బయట నిలబడి "అయో!" అని కేకేస్తారు. లోపల్నుంచి ఎవరో తొంగిచూస్తారు. నా కంపానియన్‌ని చూస్తే పిల్లలు "హేయ్ జో!" అని అరుస్తారు. తెల్లవాళ్ళందరూ వాళ్ళకి జోలే. నన్ను చూస్తే "బుంబాయ్!" అంటారు. భారతీయులందరికీ అక్కడ అదే పేరు. ఆ పేరుతో పాటు ఒక వృత్తి కూడా మనకి అంటగట్టేశారు, వడ్డీ వ్యాపారం.

ఫిలిప్పీన్స్‌లో ఫైవ్-సిక్స్ అంటే చిన్నపిల్లలకీ తెలుసు. ఐదు వేలు అప్పు తీసుకుంటే ఆరు వేలు కట్టాలి, రోజుకింతని. హామీ అడగరు, కాగితాలు అడగరు. బ్యాంకు గడప తొక్కలేని కూరగాయల బడ్డీలకీ, ట్రైసికిల్ తోలేవాళ్ళకీ, చేపలమ్మేవాళ్ళకీ అదే దిక్కు. ఈ వ్యాపారం చేసేవాళ్ళలో ఎక్కువగా కనిపించేది మోటారు సైకిళ్ళ మీద తిరిగే పంజాబీలు. 2017 జనవరిలో అప్పటి అధ్యక్షుడు దుతెర్తే, అంతకుముందు ఈ దావావ్ మేయరే, వీళ్ళ పని పడతానన్నాడు. చిన్న వ్యాపారులకి తక్కువ వడ్డీకి ప్రభుత్వమే అప్పులిచ్చే పథకం కూడా ఆ నెలలోనే మొదలైంది. బుంబాయ్ బండి మాత్రం ఆగలేదు.

కాబట్టి మధ్యాహ్నం వేళ ఒక భారతీయుడు ఇస్త్రీ చొక్కాతో, చేతిలో పుస్తకంతో గేటు దగ్గరికొచ్చి కేకేస్తే ఏమనుకుంటారు? ఆ రోజు రెండో వీధిలో ఒక పాప బయటికొచ్చి "మా అమ్మ లేదు" అంది. కర్టెన్ కింద అమ్మ కాళ్ళు కనిపిస్తున్నాయి. రాజమండ్రిలో మా వీధిలో డైలీ ఫైనాన్స్ కుర్రాడి బండి చప్పుడు వినగానే మా పక్కింటి అత్త ఇదే మాట చెప్పమని నన్ను పంపేది. ఆ పాప ఎంత బాగా చెప్పిందో నేను మెచ్చుకోగలను.

ఐడహో అబ్బాయి ముందు నిలబడితే తలుపులు తెరుచుకుంటాయి, నేను నిలబడితే మూసుకుంటాయి. చుట్టుపక్కల మిషనరీలం కలిసే డిస్ట్రిక్ట్ మీటింగులో ఒకడు, పోనీ అతనే ముందుండి మాట్లాడొచ్చుగా, నువ్వు కాస్త వెనకుండు అని సలహా ఇచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడు కానీ నాకు నచ్చలేదు. దేవుడి మాట తెల్లవాడి వెనక నక్కి చెప్పాల్సిన ఖర్మ నాకేంటి? ఆ రోజు నుంచీ ప్రతి గేటు దగ్గరా ముందు నిలబడేది నేనే. లెక్కల్లో మాకు పాఠాలు తగ్గాయి. ఎన్ని ఇళ్ళు, ఎన్ని పాఠాలు, ఎంతమంది ప్రార్థనకొచ్చారు అని వారం వారం పంపే ఆ లెక్కలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు, సంఘం మీద ఎంత ప్రేమున్నా.

బుధవారం

సేవ చేసే రోజు. మిషనరీలంటే బోధించడమే కాదు, వారంలో కొన్ని గంటలు ఎవరికి ఏ సాయం కావాలంటే అది చేయాలి. ఇటుకలు మోశాం, గోడలకు సున్నం వేశాం, ఒక ముసలావిడ పందుల దొడ్డి కూడా కడిగాం. ఆ రోజు కొండవైపు ఒక తాతగారి కొబ్బరితోటలో పని. ఆయన్ని అందరిలాగే లోలో అని పిలిచేవాళ్ళం.

కాయలు కుప్ప పోసి ఉన్నాయి. నేలలో పాతిన ఇనుప గునపం మీద వాటిని ఒలవాలి. లోలో మా ఇద్దరినీ చూసి, ఈ టై కట్టుకునే పిల్లలకి ఇదేం చాతనవుతుందని నవ్వాడు. మా తాతది అంబాజీపేట. ఎండాకాలం సెలవులన్నీ ఒలుపు దగ్గరే గడిచాయి నాకు. టై జేబులో పెట్టుకుని కాయ తీసుకుని గుచ్చి, మెలిపెట్టి, మూడు దెబ్బల్లో డొక్క ఊడదీశాను. లోలో నవ్వు ఆపేశాడు. తర్వాత గంటసేపు పోటీ నడిచింది. ఆయనకి డెబ్బై దాటాయి, నన్ను ఓడించాడు.

ఒలిచిన కాయల్ని పగలగొట్టి, వెదురు మంచె మీద పరిచి, కింద పీచూ చిప్పలూ మండించి పొగకి ఎండబెడతారు. కోనసీమలో కాయలకు కాయలే అటక మీద నెలల తరబడి ఉంచి కురిడీ చేస్తారని చెబితే, వాన ఇంటిలోపల పడదు కాబట్టి తెలివైన పనే అన్నాడు లోలో. మధ్యాహ్నం లోలో భార్య కోడి పులుసు పెట్టింది. తినోలా అంటారు, పచ్చి బొప్పాయి ముక్కలు, దాన్నిండా మునగాకు. మనకి ఎక్కడికి పోయినా మునగాకు తప్పదు. తర్వాత తుబా తెచ్చారు, అంటే కొబ్బరి కల్లు. మేం తాగం. లోలో రెండు గ్లాసులూ తనే తాగి, మీ సంఘంలో చేరకపోవడానికి ఇదొక్కటే కారణం అన్నాడు.

గురువారం

పొద్దుటినుంచీ వాన. ముగ్గురితో మాట్లాడాల్సి ఉంది, ముగ్గురూ "పుహోన్" అన్నారు, అంటే దేవుడు దయ తలిస్తే మరోసారి చూద్దాం అని. నడిచి నడిచి ఒక చిన్న కిరాణాకొట్టు చూరు కింద నిలబడ్డాం. అక్కడికే ఒక మోటారు సైకిల్ వచ్చి ఆగింది. తలపాగా, గడ్డం, రెయిన్‌కోటు, వెనక సంచీలో అమ్మకానికి గొడుగులూ దోమతెరలూ. అసలైన బుంబాయ్.

నన్ను చూసి ఆయనే పలకరించాడు, పంజాబీలో. నాకు రాదని చెబితే హిందీలోకి దిగాడు. నా హిందీ పదో తరగతి హిందీ, అయినా సరిపోయింది. జలంధర్ దగ్గరి పల్లె అట. ఇరవై ఏళ్ళ పైనే అయింది వచ్చి, పిల్లలు ఇక్కడే పుట్టారు, బిసాయా మాట్లాడుకుంటారు.

"ఏం అమ్ముతారు మీరు?"

"ఏమీ అమ్మం అంకుల్. దేవుడి గురించి చెబుతాం."

"జీతమెంత?"

లేదన్నాను. పైగా మేమే కట్టుకోవాలని చెప్పాను. నా కంపానియన్ లాంటి అమెరికా పిల్లలకి 2020 నుంచి నెలకి 500 డాలర్లు, కుటుంబమో తనో కట్టాలి. మాలాంటి దేశాల వాళ్ళు స్థోమత కొద్దీ కడతారు, మిగిలింది సంఘం నిధి నుంచి వస్తుంది. నేను రాకముందు ఒక సెల్‌ఫోన్ షాపులో పనిచేసి కొంత కూడబెట్టాను. ఆయన ఇదంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నేను ఇంటింటికీ తిరిగితే డబ్బొస్తుంది. నువ్వు డబ్బు పెట్టి మరీ ఇంటింటికీ తిరుగుతావా?"

కొట్టావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆయన తన పని సంగతులు చెప్పాడు. సాయంత్రం వసూలు డబ్బుతో తిరిగేటప్పుడు భయం. దారికాచి దోచుకోవడం, కాల్చడం తనకి తెలిసినవాళ్ళకే జరిగింది. మనల్ని చూసి దాక్కుంటారు, మళ్ళీ పిల్ల ఫీజు కట్టాల్సి వస్తే మన కోసమే వెతుకుతారు అన్నాడు. నెలకి ఇరవై శాతం వడ్డీ తీసుకునేవాణ్ణి వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడికొచ్చాక, మా ఇంట్లోవాళ్ళు కూడా అడగని నా ఎండావానల తిరుగుడు సంగతి అడిగింది ఆయనొక్కడే. వెళ్తూ నాకొక గొడుగు ఇచ్చాడు. డబ్బివ్వబోతే, వాయిదాల మీద కట్టు అన్నాడు.

కొట్టావిడ ఆయనకి ఆ రోజు వాయిదా కట్టింది. తర్వాత మాకు స్టూళ్ళు వేసి, ఇంతకీ మీరు ఏ మతం అని అడిగింది.

శుక్రవారం

శుక్రవారాలు చాలా ఇళ్ళలో పెసల కూర వండుతారు. కాథలిక్కులు శుక్రవారం మాంసం మానేసే అలవాటులోంచి వచ్చింది. మధ్యాహ్నం ఒకచోట, సాయంత్రం ఇంకోచోట, రెండుచోట్లా అదే తిన్నాం.

సాయంత్రం పాఠం ఒక ట్రైసికిల్ డ్రైవరుకి. మా నియమాల్లో మద్యం, పొగాకు, టీ, కాఫీ నిషిద్ధం. తాగుడు ఎప్పుడో మానేశానన్నాడు, సిగరెట్ దావావ్‌లో వీధిలో తాగనివ్వరు కాబట్టి అదీ తగ్గిందన్నాడు. కాఫీ దగ్గర ఆగిపోయాడు. తెల్లవారుజామున నాలుగింటికి బండి తీసే మనిషికి కాఫీ లేకుండా ఎలా? పక్కింటి సంఘ సభ్యురాలు వేయించిన మొక్కజొన్న పొడితో చేసిన కాఫీ తెచ్చిచ్చింది. అతను ఒక గుక్క తాగి, మర్యాద కోసం రెండోది కూడా తాగాడు. టీ మానేసినప్పుడు మా నాన్న ముఖం కూడా అచ్చం ఇలాగే ఉండేదట.

శనివారం

దాలియావ్ రేవులో చేపలమ్మే ఒక అక్కకి బాప్తిస్మం. అందరూ ఆవిడని అటే అంటారు, అక్క అని అర్థం. మేం మొదటిసారి ఆవిడ గేటు దగ్గరికి వెళ్ళినప్పుడు చాకచక్యంగా వెనక తలుపు గుండా పారిపోయింది. ఆవిడ మమ్మల్ని లోపలికి రానిచ్చేలా చేసింది మా మాటలు కాదు, ఆ వీధిలోనే ఉండే సంఘ సభ్యుడు. ఆవిడకి జ్వరమొస్తే వారం రోజులు చేపల బుట్ట తనే మోసుకెళ్ళి అమ్మిపెట్టాడు.

చర్చిలో ఉన్న తొట్టి నిండటానికి మూడు గంటలు పడుతుంది, అందుకని పొద్దున్నే వెళ్ళి కుళాయి తిప్పాం. తొట్టిలో ఒక కప్ప ఉంది. మా ఐడహో వీరుడు దాన్ని చూసి గట్టుమీదకి గెంతాడు.

బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు ఇద్దరూ తెల్లబట్టలు వేసుకుంటారు. మనిషి పూర్తిగా నీళ్ళలో మునగాలి, కాలి వేలు తేలినా మళ్ళీ చేయాలి. ఇద్దరు సాక్షులు చూస్తుంటారు. 2019 అక్టోబరు నుంచి ఆడవాళ్ళు కూడా సాక్షులుగా ఉండొచ్చు. ఈ అటేకి ఆమె ఆడబిడ్డే ఒక సాక్షి, చాలా కచ్చితమైన సాక్షి. మొదటిసారి జుట్టు కొస తేలిందని, రెండోసారి మోచెయ్యి తేలిందని చెయ్యెత్తింది. మూడోసారి ఆ పొరుగాయన అటేని నీళ్ళలోకి గట్టిగానే వంచాడు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. అటే బయటికొచ్చి ముక్కులోంచి నీళ్ళు చీదుకుంటూ, సముద్రం పక్కన పుట్టి ఇన్నేళ్ళలో ఇన్ని నీళ్ళు ఎప్పుడూ మింగలేదంది.

ఆదివారం

నెలలో మొదటి ఆదివారం, ఉపవాసం. రెండు పూటలు మానేసి ఆ తిండి ఖర్చు పేదవాళ్ళ కోసం ఇస్తాం. ప్రార్థన రెండు గంటలే. రొట్టె, నీళ్ళు పంచే సంస్కారం, ఉపదేశకులంటూ ఎవరూ లేకుండా సభ్యులే లేచి తమ సాక్ష్యం చెప్పడం, తర్వాత తరగతులు. కొత్త అటే కూడా లేచి నాలుగు మాటలు మాట్లాడి ఏడ్చింది, మిగతావాళ్ళనీ ఏడిపించింది.

బయటికొచ్చేసరికి గేటు దగ్గర వరంగల్ అబ్బాయి. మెస్‌కి వెళ్ళడానికి నాకు అనుమతి రాలేదని మెసేజ్ పెడితే, రెండు జీప్నీలు మారి బిర్యానీ పార్శిలే తెచ్చేశాడు. పక్కన చిన్న కవర్లో గోంగూర పచ్చడి. ఉపవాసం, సాయంత్రం ఐదు దాకా తినకూడదు అని చెబితే ఆ అబ్బాయి నోట మాట రాలేదు.

"బ్రో, ఒక్క ముక్క?"

"వద్దు బ్రో."

వెళ్ళిపోతాడనుకున్నాను. మెట్ల మీద కూర్చుని ఐదు దాకా ఉన్నాడు. కాలేజీలో శవాన్ని కోసిన మొదటి రోజు గురించి, వాళ్ళ నాన్న అమ్మిన పొలం గురించి, ఇండియాలో ప్రాక్టీస్ చేయాలంటే మళ్ళీ రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్ష టెన్షన్ గురించి చెప్పాడు. నన్ను దేవుడి గురించి ఒక్క ముక్క అడగలేదు, నేనూ ఎత్తలేదు. మా లెక్కల కాగితంలో దీనికి గడి లేదు. ఐదింటికి చల్లారిపోయిన బిర్యానీ ముగ్గురం తిన్నాం. ఐడహో కళ్ళ నీళ్ళు కారుస్తూనే గోంగూర మళ్ళీ వేయించుకున్నాడు.

రాత్రి తొమ్మిదింటికి మార్పుల మెసేజ్ వచ్చింది. నేను తోరిల్‌లోనే, అతను తాగుమ్‌కి. నాకు కొత్తగా టోంగా దేశం నుంచి ఒక ఎల్డర్ జంటగా వస్తాడట. ఐడహో పెట్టె సర్దుకుంటూ మళ్ళీ పాట అందుకున్నాడు. వినీ వినీ అలవాటైపోయిందేమో, నేను కూడా రెండో చరణం అందుకున్నాను. ఇంటి ఓనరు నానాయ్ గోడ అవతల నుంచి, ఈ నెల కరెంటు బిల్లులో ఎవరి వాటా ఎంతో అతను బస్సెక్కకముందే తేల్చమని కేకేసింది. 612 పెసోలు. సగం సగం వేసుకున్నాం.